గోధుమవర్ణపు డాంబరు

ఇల్లందు నుండి గుండాల వైపు అడవిలోనికి పోవు దారిమీది ఒక తండా నుండి మా కార్యాలయమునకు ఒక జాబు వచ్చినది. “మా బాటకు డాంబరు వేయుచున్నామని చెప్పి కూలీలు డ్రమ్ములు దింపినారు. డ్రమ్ములలో డాంబరు లేదు, చాయవంటి నీళ్ళు ఉన్నవి. ఆ నీళ్ళు బాటపై చల్లి పోయినారు. పొయ్యి లేదు, పొగ లేదు. ఇది మోసము కాదా? రేడియోలో చెప్పుడు” అని అందు వ్రాసియుండెను. వ్రాసినవారు చదువుకొన్న యువకులు. వర్షకాలమున ఆ బాట తెగిపోయినచో నిండుచూలాలిని ఇల్లందు ఆసుపత్రికి చేర్చుటకు మంచముపై మోసికొని పోవలసి వచ్చునని కూడ వ్రాసినారు. కనుక ఈ ప్రశ్నను తేలికగా త్రోసివేయుటకు మాకు మనసొప్పలేదు. బాటల పని తెలిసిన యింజనీరులను, చేతితో పనిచేయు మేస్త్రీలను అడిగి తెలిసికొన్న సంగతులను ఇచట వివరించుచున్నాము.

మొదట సూటిగా ఒక మాట చెప్పవలెను. గోధుమరంగు ద్రవమును చల్లుట దానంతటది మోసము కాదు. అది డాంబరే. ఇమల్షను అను రూపమున ఉన్న డాంబరు. కాని ఆ రూపమును ఎరిగి వాడినచో ఎంత మేలో, ఎరుగక వాడినచో అంత నష్టము. మోసము చేయదలచినవానికి సందులు కూడ అందు కలవు. వానిని గూర్చి తరువాత చెప్పెదము.

ఇల్లందు బొగ్గు పట్టణము. చుట్టుప్రక్కలవారు నేటికిని దానిని బొగ్గుట్ట అని పిలుచుదురు. 1871లో డాక్టరు విలియం కింగు అను భూగర్భశాస్త్రజ్ఞుడు ఈ సీమలో బొగ్గు జాడ కనుగొనెను. 1886లో హైదరాబాదు దక్కను కంపెనీ గనుల హక్కు సంపాదించెను. నేటి సింగరేణి కంపెనీ 1920లో ఏర్పడెను. అందువలన ఇచటివారిలో పలువురు, బాటపై పోయు నల్లని పదార్థము తమ నేలబొగ్గునుండియే వచ్చునని తలచుచుందురు. తలచుటలో వింత లేదు. తెలుగున మనము వాడు ‘తారు’ అను మాట ఇంగ్లీషునుండి వచ్చినది. నిజముగా తారనగా బొగ్గును గాలి చొరకుండ మూసి కాల్చినపుడు కారు జిగట పదార్థమే. పూర్వము దానిని బాటలకు వాడెడివారు. అందలి కొన్ని రసాయనములు పుట్టకురుపు కలిగించునని తేలినపిమ్మట బాటల పనినుండి అది దాదాపుగా తొలగినది. నేడు మన బాటలపైనున్నది నేలబొగ్గు బిడ్డ కాదు, నేలనూనె బిడ్డ. ముడి చమురునుండి పెట్రోలు, కిరోసిను, డీసెలు మొదలైనవి వేరుచేయగా అడుగున మిగులు బరువైన పదార్థము బిట్యుమెను. విశాఖపట్టణమున 1957లో నెలకొన్నటువంటి శుద్ధి కర్మాగారములనుండి ఇది మనకు వచ్చుచున్నది. తెలంగాణమున జనులు దానిని డాంబరు అందురు. మేమును ఆ మాటనే వాడెదము.

ఈ డాంబరుతో ఒక చిక్కు కలదు. చల్లగా ఉన్నపుడు అది గట్టి ముద్ద. పోయుటకు రాదు, చల్లుటకు అసలే రాదు. సుమారు 150 డిగ్రీల సెంటీగ్రేడు వరకు కాచినగాని సన్నని జల్లుగా బాటపై పడదు. కాచుటకు పొయ్యి, పొయ్యికి కట్టెలు, కట్టెలకు అడవి. బాటప్రక్క డ్రమ్మును వాలుగా నిలిపి క్రింద మంట పెట్టి, నల్లని పొగలో ముఖము త్రిప్పుకొని నిలిచిన కూలీలను మనలో చూడనివారెవరు? ఎక్కువగా కాచినచో డాంబరు మాడి పెళుసెక్కును. తక్కువ కాచినచో రాతికి పట్టదు. పొరపాటున చేతిపై పడినచో తోలు ఊడివచ్చును. ఇంతచేసియు రాయి ఏమాత్రము తడిగా ఉన్నను ఆ వేడి డాంబరు దానిని అంటదు. వాన వెలిసిన మరునాడు అడవి బాటలో పూర్తిగా ఆరిన కంకర ఎక్కడ దొరకును?

డాంబరును పలుచన చేయుటకు కిరోసిను కలిపెడి పద్ధతి ఒకటి చాలకాలము నడచినది. అట్లు కలిపిన కిరోసిను బాటపై పడినపిమ్మట గాలిలో కలిసిపోవును. అనగా మండు నూనెను కొని, కలిపి, ఆకాశమునకు ధారపోయుట. అగ్నిభయము సరేసరి. ఈ రెండు మార్గములకు మారుగా వచ్చినదే ఇమల్షను. ఇరువదవ శతాబ్ది ఆరంభమున బాటల దుమ్ము అణచుటకు దీనిని వాడజొచ్చిరి. 1922లో ఇంగ్లండున హ్యూ మెకే అను నతడు బాటలకు అనువగు ఇమల్షనుకు పేటెంటు పొందెను. అప్పటినుండి వాడుక వ్యాపించినది.

ఇమల్షను అననేమో తెలియుటకు మన ఇంటి పాలగిన్నెను చూచిన చాలును. పాలలో వెన్న ఉన్నది, నీరు ఉన్నది. వెన్న నీటిలో కరుగదు. ఐనను పాలలో అవి విడివిడిగా కానరావు. వెన్న కంటికి కానరాని బిందువులై నీటిలో తేలుచుండుటయే కారణము. ఆ బిందువులు ఒకదానితో నొకటి కలియకుండ వానిచుట్టు ఒక పలుచని కవచము ఉండును. ఒక నిమ్మచుక్క పిండినచో ఆ పొందిక చెడి పాలు విరిగిపోవును. డాంబరు ఇమల్షను ఇట్టిదే. కాచిన డాంబరును, సబ్బువంటి మందు కలిపిన గోరువెచ్చని నీటిని అతివేగముగా తిరుగు మిల్లులో సన్నని సందుగుండ పంపుదురు. డాంబరు చీలి, మిల్లీమీటరులో వేయవవంతునుండి నూరవవంతు వరకు గల బిందువులగును. నల్లని డాంబరు అంత సన్నగా చీలినపుడు చూచుటకు గోధుమరంగుగా నుండును. మన మిత్రునికి కనబడిన చాయ అదియే. బాటపై చల్లినపిమ్మట నీరు వేరై, బిందువులు కలిసి, మరల నల్లని పొరగా నిలుచును. దీనినే పనివారు ‘విరుగుట’ అందురు. మన వంటింటి మాటయే బాటమీద కూడ సరిపోయినది.

పాలు పొయ్యిమీద విరిగినచో ఇల్లాలికి కష్టము. డాంబరు పాలు బాటపై విరుగకున్నచో బాటకు కష్టము. ఎంతసేపటికి విరుగవలెనను ప్రశ్నలోనే ఈ శాస్త్రమంతయు ఇమిడియున్నది.

ఇందు రాతికి కూడ పాత్ర కలదు. సబ్బు రకమునుబట్టి డాంబరు బిందువులకు ధనవిద్యుత్తుగాని ఋణవిద్యుత్తుగాని అబ్బును. గ్రానైటు, పలుగురాయి మొదలైన ఇసుకజాతి రాళ్ళు తడిసినపుడు వాని ముఖమున ఋణవిద్యుత్తు ఉండును. విరుద్ధములు ఆకర్షించుకొనునుగదా. ధనవిద్యుత్తు గల ఇమల్షను, అనగా కాటయానికు ఇమల్షను, ఇట్టి రాతిని తానై వెదకికొని పట్టును. నడుమ తడి ఉన్నను దానిని త్రోసి పట్టును. ఖమ్మము చుట్టుపట్ల క్వారీల కంకర హెచ్చుగా గ్రానైటు, నీసు జాతులదే కనుక మనకు కాటయానికు రకము తగినది. ఈ రకము 1950 దశకమునుండి లోకమున ప్రబలినది. మన దేశమున దీనికి ఐ.ఎస్. 8887 అను ప్రమాణము కలదు. ఋణజాతి ఇమల్షను డ్రమ్ములో అడుగున మిగిలియుండగా అందులో ధనజాతిని పోసినచో రెండును ఒక్కసారిగా గడ్డకట్టును. ఆ డ్రమ్ము ఇక దేనికిని కొరగాదు.

ఆ ప్రమాణములో ఐదు రకములు చెప్పబడినవి. ఆర్.ఎస్.1, ఆర్.ఎస్.2 శీఘ్రముగా విరుగునవి. ఎం.ఎస్. మధ్యమము. ఎస్.ఎస్.1, ఎస్.ఎస్.2 నిదానముగా విరుగునవి. అందు ఉండవలసిన డాంబరు పాలు కూడ వేరువేరు. నూటికి కనీసము ఇంతయని చెప్పినచో ఆర్.ఎస్.1లో 60, ఆర్.ఎస్.2లో 67, ఎం.ఎస్.లో 65, ఎస్.ఎస్.1లో 50, ఎస్.ఎస్.2లో 60 పాళ్ళు. చూచుటకు ఐదును ఒక్కతీరు గోధుమరంగే. డ్రమ్ముపై వ్రాత చెరిగిపోయినచో కన్ను చాలదు. ఇక్కడనే పనులు చెడుచున్నవి.

ఈ చెడుట ఎట్లుండునో మేము స్వయముగా చూచితిమి. ఒక వేసవిలో, తునికాకు కల్లముల వేళ, అడవి అంచున ఒక క్రొత్త బాటపని జరుగుచుండగా ఆగితిమి. కంకర, మెత్తని రాతిపొడి కలిపి దిమ్మిస చేసిన పునాదిపై మొదటి పూత, అనగా ప్రైమ్ కోటు, వేయుచున్నారు. ఈ పూత పని ఏమనగా, పైన నిలుచుట కాదు, లోనికి ఇంకుట. రాతిపొడి సందులలోనికి దిగి, దానిని బిగించి, పైనుండి నీరు లోపలికి, లోపలి తేమ పైకి పోకుండ చేయవలెను. దీనికి నిదానముగా విరుగు ఎస్.ఎస్.1 కావలెను. ఆనాడు అక్కడికి వచ్చినది శీఘ్రముగా విరుగునది. చల్లిన కొద్ది నిమిషములకే పైన నల్లని పొర కట్టెను. కంటికి ఎంత సొగసు! అద్దమువలె మెరసినది. మేస్త్రీ మాత్రము చీపురుపుల్లతో ఒక అంచు గీరి ఎత్తగా పొర అప్పడమువలె లేచివచ్చినది. క్రింద రాతిపొడి పొడిగానే ఉన్నది. “పాలు ఇరిగినట్టు మీదనే ఇరిగిపోయింది సారూ, లోపలికి చుక్క దిగలే” అని అతడు మాతో ననెను. పంపినవారికి తెలుపలేదా అని అడిగితిమి. “డ్రమ్ములు వచ్చినయి, పని ఆపొద్దన్నరు” అనెను. రెండు వానలకు ఆ పొర లారీ చక్రములకు అంటుకొని లేచిపోయినదని తరువాత విన్నాము. మోసము చేయవలెనని ఎవరును తలపెట్టలేదు. ఒక అక్షరము మారినది, అంతే.

కనుక ఏ పనికి ఏది యను విషయము కొంత విరివిగా చెప్పవలసియున్నది. ఒకే గోధుమరంగు ద్రవముతో చేయు మూడు పనులలో మూడు విధములైన నిరీక్షణలు కలవు. మా అభిప్రాయమున పనివారు గుర్తుంచుకొనవలసినది ఇదియే.

మొదటిది పైని చెప్పిన ప్రైమ్ కోటు. ఎస్.ఎస్.1ను బిగువుగా కుదిరిన పునాదిపై చదరపు మీటరుకు 700 గ్రాములనుండి ఒక కిలోగ్రాము వరకు చల్లుదురు. ముందుగా నేలను నీటితో తేలికగా తడుపుదురు. పొడిదుమ్ముపై పడిన ద్రవము ముత్యములై దొర్లిపోవును గనుక ఈ తడి అవసరము. చల్లినపిమ్మట ఒక దినమైనను వదలివేయవలెను. ఇంకుటకు, ఆరుటకు తీరిక కావలెను.

రెండవది టాక్ కోటు. పాత డాంబరు పొరపై క్రొత్త పొర వేయునపుడు రెండును అంటుకొనుటకు నడుమ వేయు జిగురు ఇది. ఆర్.ఎస్.1 దీనికి తగినది. చదరపు మీటరుకు 200 నుండి 300 గ్రాములు చాలును. దోసెపెనముపై నూనె రాచినంత పలుచగా ఉండవలెను. ఎక్కువైనచో జిగురు కాదు, జారుడగును. పై పొర వేసవిలో ప్రక్కకు జరుగును. చల్లినపిమ్మట గోధుమరంగు పోయి పూర్తిగా నల్లబడువరకు ఆగి, అపుడు పై పొర వేయవలెను. ఎండకాలమున ఇది ఎంతోసేపు పట్టదు. ఇప్పచెట్ల నీడ దట్టముగా ఉన్నచోట, మబ్బు పట్టిన నాడు, చాలసేపు పట్టును. గడియారమును నమ్మరాదు, రంగును నమ్మవలెను.

మూడవది, మన ఇల్లందు బాటలకు అన్నిటికంటె ముఖ్యమైనది, మీది ముసుగు పూత. బాట బలముగానే ఉన్నది, కాని పై డాంబరు ఎండకు ఆరి, సన్ననెరియలు విచ్చి, కంకర పొట్లు లేవనారంభించినది. ఇంక రెండు వర్షకాలములు ఉపేక్షించినచో నీరు నెరియలగుండ పునాదిలోనికి దిగును. మెత్తబడిన పునాదిపై బొగ్గులారీ పోయినచో గుంత పడును. గుంత నిండ నీరు నిలుచును. తరువాతి లారీ ఆ నీటిని సుత్తివలె లోపలికి కొట్టును. అంతవరకు రానీయక, ఆర్.ఎస్.2ను పలుచగా చల్లి దానిపై సన్నని చిప్సు పరచి రోలరు నడుపుట ఉత్తమమైన చికిత్స. ఇక్కడ నిరీక్షణ లేదు. టాక్ కోటువలె నల్లబడువరకు ఆగినచో పని చెడును. ద్రవము ఇంకను గోధుమరంగుగా ఉండగనే చిప్సు పడవలెను. అపుడే అవి దానిలో మునిగి కూర్చుండును. నల్లబడినపిమ్మట పడిన చిప్సు పైపైన దొర్లి, బస్సు చక్రము క్రిందనుండి ఎగిరి వెనుక వచ్చువాని అద్దమును పగులగొట్టును.

ఆర్.ఎస్.1 కూడ శీఘ్రముగా విరుగునదే కదా, దానిని ఎందుకు వాడరాదని అడుగవచ్చును. అది పలుచన. బాట నడుమ ఎత్తుగా, అంచులు పల్లముగా ఉండును గనుక చిప్సు పడులోపల ద్రవము అంచులకు జారిపోవును. నడిమి చిప్సు లేచిపోవును, అంచున మడుగు కట్టును. ఆర్.ఎస్.2 చిక్కనిది, వాలున నిలుచును. దానిని 50 నుండి 80 డిగ్రీల వరకు వెచ్చచేసి చల్లుదురు. 150 డిగ్రీల మంట ఎక్కడ, ఈ స్నానపు నీళ్ళవంటి వేడి ఎక్కడ! తక్కిన రకములకు ఎండకాలపు వేడియే చాలును.

లెక్క చూతము. పదమూడు మిల్లీమీటర్ల చిప్సు పరచుటకు చదరపు మీటరుకు ఒక కిలోగ్రాము అసలు డాంబరు కావలెననుకొందము. ఆర్.ఎస్.2లో నూటికి 67 పాళ్ళే డాంబరు గనుక సుమారు ఒకటిన్నర కిలోగ్రాముల ఇమల్షను చల్లవలెను. ఈ మర్మము తెలియక, వేడి డాంబరుకు అలవాటుపడిన చేతితో కిలో అన్న కిలోయే చల్లినవారు కలరు. వారి బాటకు పడినది 670 గ్రాముల డాంబరు. చిప్సు నిలువలేదని ఇమల్షనును తిట్టిరి. మూడుమ్ముప్పావు మీటర్ల వెడల్పు గల పల్లెబాట ఒక కిలోమీటరు పొడవునకు 3,750 చదరపు మీటర్లగును. దానికి 5,600 కిలోగ్రాముల ఇమల్షను కావలెను. రెండువందల లీటర్ల డ్రమ్ములు ఇరువదియెనిమిది. చదరపు మీటరుకు 0.010 ఘనపు మీటర్ల చొప్పున చిప్సు 37.5 ఘనపు మీటర్లు. బాటప్రక్క డ్రమ్ములు లెక్కపెట్టుట ఎవరికైనను సాధ్యమే.

చల్లుటకు ముందు ఊడ్చుట ముఖ్యము. ఇల్లందు ప్రాంతమున ఇది రెట్టింపు ముఖ్యము. బొగ్గులారీలనుండి రాలిన పొడి బాట ముఖమున పలుచని పొరగా పట్టియుండును. ఇమల్షను ఆ పొడిని పట్టుకొనును గాని క్రింది బాటను పట్టదు. చీపురుతో ఒకసారి ఊడ్చినచో పొడి లేచి మరల అక్కడనే పడును. గాలియంత్రముతో ఊదవలెను, అవసరమైనచో ముందురోజు కడుగవలెను. లారీలు నిలుచుచోట డీసెలు చుక్కలు కారి డాంబరును కరగించును. అట్టి మచ్చలను త్రవ్వి తీసి పూడ్చినగాని పై పూత ఎంత మంచిదైనను నిలువదు. కడిగినపిమ్మట బాట చెమ్మగా ఉన్నచో ఇమల్షనుకు అభ్యంతరము లేదు. మండుటెండలో ఆ చెమ్మ మేలే చేయును. నీరు నిలిచియుండరాదు. వాన వచ్చు సూచన ఉన్నచో డ్రమ్ము మూత తీయనేరాదు. విరుగకముందే వాన పడినచో గోధుమరంగు నీరంతయు ప్రక్క కాలువలోనికి, అచటనుండి వాగులోనికి పోవును. డబ్బు పోవుటయే కాక పశువులు త్రాగు నీరు కూడ చెడును.

చిప్సు శుభ్రముగా ఉండవలెను. రాతిపొడి పట్టిన చిప్సు అనగా పిండి అద్దిన చేతితో జిగురు ముట్టుకొన్నట్లు. కడిగిన చిప్సు తడిగా ఉన్నను ఫరవాలేదు. వేడి డాంబరుకు ఈ సౌకర్యము లేదు. ఒక్కవరుసగా, రాయి ప్రక్క రాయిగా పరచవలెను. గుప్పిళ్ళతో గుట్టలుగా కాదు. పరచినవెంటనే రోలరు నడుపవలెను. రాయి నలుగునంత బరువు, పదేపదే త్రొక్కుట పనికిరాదు. మొదటి ఇరువదినాలుగు గంటలు బండ్లు గంటకు 20 కిలోమీటర్లకు మించి పోకుండ చూడవలెను. మన బాటలపై ఈ చివరి నియమమును అమలుపరచుట డాంబరు కాచుటకంటె కష్టమని ఒక యింజనీరు నవ్వుచు అనిరి. ఆయన బాటకు అడ్డముగా కొన్ని ఖాళీ డ్రమ్ములు వంకరటింకరగా నిలిపి పని సాధించెదరట. మరునాడు వదులుగా మిగిలిన చిప్సును ఊడ్చివేయవలెను.

బాట ఇంకను అంత దూరము చెడక, పైని కాస్త ఆరి బూడిదరంగు తిరిగినచో, చిప్సు కూడ అక్కరలేదు. ఎస్.ఎస్.1ను సమభాగము నీటితో పలుచన చేసి చదరపు మీటరుకు అర లీటరు మొదలు ఒక లీటరు వరకు మంచువలె చల్లుదురు. దీనిని ఫాగ్ సీలు అందురు. అర లీటరు చల్లినచో పడు అసలు డాంబరు ఇంచుమించు 125 గ్రాములే. ముసలితోలుకు నూనె రాచినట్లు ఇది ఎండిన డాంబరుకు జీవము పోయును. నునుపుగా ఉన్న బాటపై మాత్రము వేయరాదు, బండ్లు జారును. పలుచన చేయునపుడు నీటిని ఇమల్షనులో కొద్దికొద్దిగా కలుపవలెను గాని ఇమల్షనును నీటిలో కుమ్మరింపరాదు. మన బోరునీరు పలుచోట్ల చవిటి. ఒక లోటాలో ముందు కలిపి చూచి, గడ్డకట్టకున్నచో డ్రమ్ములో కలుపుట వివేకము. మూడు మిల్లీమీటర్ల లోపు నెరియలకు కూడ ఈ పలుచని ఇమల్షను సరిపోవును. అంతకంటె వెడల్పైనవానిని శుభ్రపరచి వేరుగా నింపవలెను. పట్టణపు వీధులలో సన్నని రాతిపొడిని ఇమల్షనుతో దోసెపిండివలె కలిపి రెండు మూడు మిల్లీమీటర్లనుండి ఎనిమిది వరకు మందముగా పరచెడి స్లరీ సీలు కలదు. పల్లెబాటలకు అది ఇంకను అంతగా రాలేదు.

ఇక మోసము సంగతి. డ్రమ్ములో నీరు కలిపినచో రంగు మారదు గనుక అనుమానము సహజమే. రెండువందల కిలోల ఆర్.ఎస్.2 డ్రమ్ములో 134 కిలోల డాంబరు ఉండవలెను. అందులో మరి ఇరువది లీటర్ల నీరు కలిపినచో నూటికి 67 కావలసినది 61కి దిగును. రెండువందల లీటర్లు కలిపినచో 33కు దిగును. దీనిని కనిపెట్టుటకు ప్రయోగశాల కలదు. ఐనను గ్రామపంచాయతీవారు సహితము చేయదగిన స్థూలపరీక్ష ఒకటి కలదు. డ్రమ్మును ముందు నేలపై అటునిటు దొర్లింపవలెను. నెలల తరబడి నిలిచినచో డాంబరు అడుగుకు దిగియుండును గనుక దొర్లింపక తీసిన నమూనా అన్యాయమగును. తరువాత నూరు గ్రాములు తూచి రేకు పళ్ళెములో పోసి, సన్నని సెగపై కలుపుచు, నురుగు అణగి బుడగలు ఆగువరకు ఉంచి, చల్లార్చి తూచవలెను. ఆర్.ఎస్.2 ఐనచో 67 గ్రాములకు తగ్గరాదు. ఎస్.ఎస్.1 ఐనచో 50. సెగ ఎక్కువైనచో పొంగి చేతిపై పడును. చేతికి తొడుగు, కంటికి అద్దము లేక చేయరాదు. ఇదివరకే గడ్డకట్టిన సరకును గుర్తించుటకు సన్నని జల్లెడలో వడపోసి చూచిన చాలును. జల్లెడపై నల్లని ఉండలు నిలిచినచో ఆ డ్రమ్మును త్రిప్పి పంపవలెను.

చల్లిన పరిమాణము తెలిసికొనుట ఇంకను సులభము. ఒక అడుగు కొలత గల, అనగా ముప్పది సెంటీమీటర్ల చదరపు రేకును తూచి బాటపై ఉంచి, చల్లుబండి దానిపైగా పోయినవెంటనే తీసి తూచవలెను. చదరపు మీటరుకు ఒకటిన్నర కిలోల చొప్పున చల్లినచో ఆ రేకుపై 135 గ్రాములు ఉండును. బాట నడుమ ఒకటి, అంచున ఒకటి ఉంచినచో చల్లుగొట్టముల రంధ్రములు మూసికొనిపోయినవా అన్నది కూడ బయటపడును.

ఇమల్షనును పొగడుటలో మేము హద్దు మీరితిమేమో. అందువలన దాని హద్దు కూడ చెప్పవలెను. మీది పూత బాటకు బలము చేకూర్చదు. అది గొడుగే గాని స్తంభము కాదు. మొసలితోలువలె నెరియలు అల్లుకొని, చక్రములు నడచుచోట పల్లము దిగిన బాటకు రోగము పునాదిలో ఉన్నది. కోయగూడెమువంటి ఉపరితల గనుల లారీలు నడచు దారులలో ఇట్టివి చాల కలవు. వానిపై ఆర్.ఎస్.2 చల్లుట చెదపట్టిన దూలమునకు రంగు వేయుట. అచట త్రవ్వి పునాది వేయవలసినదే. ఇమల్షనులోని నీటికి కూడ రవాణా ఖర్చు పెట్టుచున్నామన్న విమర్శ కూడ అబద్ధము కాదు. పెద్ద రహదారిపై, వేడిమిశ్రమపు యంత్రము దాపున ఉన్నచోట, వేడి పద్ధతియే చౌక కావచ్చును. అడవి నడుమ నాలుగు కిలోమీటర్ల బాటకు, అడపాదడపా వానలు పడుచోటికి, కట్టెలు కొట్టరాని వనమునకు ఇమల్షనుతో సాటి లేదు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెసువారు 2014లో చల్లని మిశ్రమములకై ప్రత్యేకముగా ఒక మార్గదర్శకము వెలువరించుటయు, 2000 డిసెంబరు 25న ఆరంభమైన ప్రధానమంత్రి గ్రామసడక్ యోజనలో ఈ పద్ధతికి ప్రోత్సాహము లభించుటయు ఇందువలననే.

తండానుండి వ్రాసిన మిత్రుని జాబును మరల ఒకసారి చదివితిమి. కంకర పునాదిపై పలుచగా చల్లినారనియు, చిప్సు వేయలేదనియు, మరునాటికి నేల నల్లబడినదనియు ఆయన వ్రాసినారు. ఇవన్నియు ప్రైమ్ కోటు లక్షణములు. ఎస్.ఎస్.1 ఐనచో అది సరియైన ద్రవమే. వేలితో గీరి చూచినచో నలుపు లోనికి దిగియున్నదో, అప్పడమువలె లేచునో ఆయనకే తెలియును. కాని జాబు చివరి పంక్తి మమ్ము కలవరపెట్టినది. చల్లి రెండు నెలలైనను పై పొర వేయుటకు ఎవరును రాలేదట. ప్రైమ్ కోటు ఎండకు, ఎడ్లబండ్లకు, ట్రాక్టర్లకు అంతకాలము ఓర్చునది కాదు. జూన్ మాసమున ముంగారు వానలు దిగులోపల దానిని ఊడ్చి, చెడినచోట మరల పూసి, టాక్ కోటు వేసి, డాంబరు కంకర పొర పరవవలెను. ఈ మాటలనే ఒక కాగితముపై వ్రాసి, పంచాయతీ తీర్మానముతో జతపరచి, ఇల్లందు ఇంజనీరింగు కార్యాలయమున ఈ వారములోనే ఇయ్యవలసినదిగా ఆయనకు ప్రత్యుత్తరము వ్రాసితిమి.